ఎవరి చెయ్యి గెలిచింది

ఆ బళ్లో ఆవిడను పేరుతో పిలిచేవాళ్లు లేరు. ఎదురుగా ఉంటే టీచర్, వీపు తిప్పితే ఉక్కు టీచర్. ఆ రెండో పేరు చెవిన పడిన రోజు ఆవిడ కోప్పడలేదు సరికదా, స్టాఫ్ రూములో అందరికీ తనే చెప్పుకుని మురిసిపోయింది. ఉక్కు అంటే మాటలా? కాల్చాలి, కొట్టాలి, నీళ్లలో ముంచాలి, మళ్లీ కాల్చాలి. తనను కాల్చిందెవరో కొట్టిందెవరో ఆవిడకు వరసగా గుర్తే. అడిగితే చెప్పేది. అడగకపోయినా ఏడాదికోసారి చెప్పేది.

మొదట కాల్చింది కన్నతల్లే. ఈవిడ చిన్నపిల్లగా ఉన్నప్పుడు ఇంటిల్లిపాదీ ఫోటో దిగడానికి స్టూడియోకు వెళ్లారు. ఫోటోగ్రాఫరు నల్లగుడ్డలోంచి తల బయటికి పెట్టి, లోపలికి పెట్టి, లైటు అటు జరిపి ఇటు జరిపి, చివరికి విసుక్కున్నాడు. "ఈ పాప ఉంటే కుదరట్లేదండీ. తనకు సరిపడా వెలుతురు పెడితే మీరంతా పాలిపోతున్నారు. మీకు సరిపడా పెడితే తను కనబడట్లేదు." నాన్న తల తిప్పుకున్నాడు. అమ్మ ఆలోచించనైనా లేదు. "నువ్వు కాసేపు బయట బెంచీ మీద కూర్చోవే" అంది. పిల్ల బయట కూర్చుంది. లోపలి నుంచి "నవ్వండి" అన్న మాట వినబడింది. అమ్మ, నాన్న, అన్నయ్య, చెల్లి నవ్విన ఆ ఫోటో ఇప్పటికీ అన్నయ్య ఇంటి హాల్లో, ఆవిడ అన్నం తినే బల్లకు ఎదురుగా వేలాడుతోంది. పెళ్లికాక అన్నయ్య పంచన ఉండిపోయిన మనిషికి దాన్ని దింపించే హక్కెక్కడిది? వదిన శుభ్రం గల ఇల్లాలు. ప్రతి ఆదివారం ఆ అద్దం తుడిచేది.

పెళ్లి సంగతి రెండు ముక్కల్లో చెప్పొచ్చు. వచ్చినవాళ్లు వచ్చారు, చూసినవాళ్లు చూశారు. "అమ్మాయి చదువు బాగుందండీ" అని లేచి వెళ్లిపోయారు.

ఇంత పడ్డ మనిషి మనసు మెత్తబడుతుందని పెద్దలంటారు. ఏ పెద్దలో వాళ్లు, ఎవరి చేతా ఏమీ పడి ఉండరు. నాకు తెలిసినంతలో దెబ్బలు తిన్న చేతికి దెబ్బ వెయ్యడం కూడా బాగానే అలవడుతుంది. ఉక్కు టీచర్ తొమ్మిదో తరగతికి తెలుగు చెప్పేది, బాగా చెప్పేది, జాలి లేకుండా చెప్పేది. ఏడ్చే పిల్లల్ని చూస్తే ఆవిడకు ఒళ్లు మండేది. "నేను ఏడ్చానా?" అని అడిగేది.

తొమ్మిదో తరగతి చేత ఒక చారిత్రక నవల చదివించడం ఆవిడ పద్ధతి. ఓడల్లో కుక్కి తెచ్చి, అంగట్లో నిలబెట్టి అమ్మేసిన నల్లవాళ్ల కథ అది. ఏటా అదే పుస్తకం. క్లాసులో ఒక్కరే పైకి చదవాలి, మిగతావాళ్లు వింటూ పేజీలు తిప్పాలి. ఆ చదివే పిల్లను ఆవిడే ఎంచేది, అలా ఎంచబడటం ఆ బళ్లో పెద్ద గొప్ప. అయితే పుస్తకాల కట్ట విప్పేముందు ఒక పీరియడంతా చర్చ జరగాలి. దానికి ముందుమాట క్లాసు అని పేరు పెట్టుకుంది.

ఆ ఏడు కూడా కట్ట బల్ల మీద పెట్టి, బోర్డు మీద 'వర్ణవివక్ష' అని రాసి, కింద గీత కొట్టింది.

"అంటే ఏంటి?"

"ఒంటి రంగు చూసి మనిషిని తక్కువ చెయ్యడం టీచర్" అని ముందు బెంచీ అప్పజెప్పింది.

"మన దగ్గర ఉందా?"

"లేదు టీచర్!" అని క్లాసంతా కోరస్ పాడింది.

ఆ కోరస్ కోసమే ఆవిడ ఏటా ఎదురుచూసేది. అది వినబడగానే కుర్చీ ముందుకు లాక్కుని కూర్చుని, గొంతు తగ్గించి, స్టూడియో కథ మొదలుపెట్టేది. బెంచీ మీద కూర్చున్న పిల్ల దాకా వచ్చేసరికి సగం క్లాసు ముక్కులు ఎగబీల్చేది. ఆవిడ కళ్లు మాత్రం పొడిగానే ఉండేవి. ఆ పొడి కళ్లంటే ఆవిడకు గర్వం.

ఈసారి ఫోటోగ్రాఫరు గుడ్డలోంచి తల బయటికి పెట్టాడో లేదో, లెక్కల మాస్టారి అబ్బాయి పక్కవాడి చెవిలో "ఈ పాప ఉంటే కుదరట్లేదండీ" అని ఆ మాటను ఆవిడ కంటే ముందే అనేశాడు. పక్కవాడు కిసుక్కుమన్నాడు. ఆవిడ ఆగిపోయింది.

"లే. ఏమన్నావ్?"

వాడు లేచాడు. చెడ్డవాడు కాదు, నోటికి తాళం లేదంతే. "సారీ టీచర్. మా అన్నయ్య మీ క్లాసులోనే చదివాడు కదా, ఇంట్లో యాక్షన్ చేసి మరీ చూపిస్తాడు. అయినా అది పాతకాలం కదా టీచర్. ఇప్పుడు ఫోన్లో ఎవర్నయినా తెల్లగా చేసెయ్యొచ్చు."

క్లాసు గొల్లుమంది. ఎగతాళి కూడా కాదు, హాయిగా నవ్వారు. తన గుండెకోత వాళ్లింట్లో భోజనాల దగ్గర వేసే వేషమైపోయిందని ఆవిడకు అప్పుడు తెలిసింది. మొహంలోకి రక్తం పొంగింది. అమ్మ మీద రాని కోపం, వదిన మీద చూపించలేని కోపం, అన్నీ కలిసి ఎవరో ఒకరి మీద పడాలి కదా. ఉరుము ఉరిమి మంగలం మీద పడ్డట్టు, ఆవిడ చూపు మూడో బెంచీ చివర ఆగింది.

అక్కడ కూర్చునేది రంగుల మేస్త్రీ కూతురు. ఆ బడి గోడలకూ కిటికీలకూ రంగులు వేసేది ఆ పిల్ల తండ్రే, ఆ పరిచయం మీదే పిల్లకు అక్కడ సీటు దొరికింది. తల్లి లేదు. ఆ పిల్ల ఉక్కు టీచర్ కంటే నలుపు. ఇన్నేళ్లలో ఆవిడ క్లాసులో ఆవిడను మించిన నలుపు కూర్చోవడం అదే మొదలు. ఇక ఆ పిల్ల చదవడం మొదలుపెడితే అల్లరి మూక కూడా నోరు మూసుకుని వినేది. తండ్రికి చదువు రాదు కాబట్టి, పేపరు దగ్గర్నుంచి రంగు డబ్బా మీది అక్షరాల దాకా ఇంట్లో పైకి చదివే పని తనదే. "ఈసారి పుస్తకం నీ చేతికే ఇస్తా" అని ముందురోజే టీచర్ అంది. పిల్ల ఆ మాట ఇంటికి మోసుకుపోయి తండ్రికి చెప్పింది. తండ్రి వాడంతా చెప్పాడు.

"అమ్మాయ్, నువ్వు లే. వీళ్లకి చెప్పు. నీ రంగు గురించి నిన్నెవరేమన్నారు?"

"ఎవరూ ఏం అనలేదు టీచర్."

"బళ్లో?"

"లేదు టీచర్."

"వీధిలో? చుట్టాల్లో?"

"లేదు టీచర్."

అది నిజమే. అలాంటి అదృష్టం కూడా లోకంలో అక్కడక్కడా ఉంటుంది. బళ్లో పిల్లలు ఆ పిల్లను మేస్త్రీ అని పిలిచేవాళ్లు, అదీ తండ్రి పనిని బట్టే. కానీ ఉక్కు టీచర్ పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. తను పడ్డది ఈ పిల్ల పడలేదంటే నమ్మడమెలా? నమ్మితే తన బతుకేం కాను?

"దాచుకుంటున్నావు. సరే, నిజం చెప్పే ధైర్యం లేనివాళ్లు ఈ పుస్తకం చదవలేరు. కూర్చో. ఇంకెవరికైనా ఇస్తా."

పిల్ల కూర్చోలేదు. కట్ట వైపు చూసింది. బెంచీ అంచు గోకుతూ లోపలంతా వెతుక్కుంది, పోయిన వస్తువు కోసం వెతుక్కున్నట్టు. తన రంగు గురించి ఎవరైనా ఎప్పుడైనా ఏదైనా అన్నారా? ఒక్కటే దొరికింది.

"మా నాన్న..."

"ఆఁ, మీ నాన్న?"

"సాయంత్రం పని నుంచి వచ్చాక చేతుల మీది రంగు మరకలు కిరోసిన్‌తో కడుక్కుంటాడు టీచర్. కడుక్కున్నాక చెయ్యి చాపుతాడు. నేను పక్కన నా చెయ్యి పెట్టాలి. ఎవరిది ఎక్కువ నలుపైతే వాళ్లు గెలిచినట్టు. ఓడినవాళ్లు టీ గ్లాసులు కడగాలి. ఎప్పుడూ నేనే గెలుస్తా." చివరి మాట దగ్గర ఆ పిల్ల మొహంలో చిన్న వెలుగు వచ్చి పోయింది.

అడిగితే ఉక్కు టీచర్ ఆ వెలుగు చూడలేదనే చెప్పేది. చూసినా ఒప్పుకునేది కాదు. కుర్చీలోంచి లేచి నిలబడింది.

"విన్నారా? పాతకాలం అన్నావు కదరా? సొంత తండ్రి! రోజూ సాయంత్రం ఈ పిల్లకి, నువ్వు నల్లదానివే అని గుర్తు చేస్తున్నాడు."

"కాదు టీచర్, అది ఆట."

"గాయాన్ని ఆట అనుకోవడమే అన్నిటికంటే పెద్ద గాయం" అంది ఆవిడ. ఆ వాక్యం ఆవిడకే నచ్చింది. బోర్డు మీద రాసి, కింద గీత కొట్టి, అందర్నీ నోట్సులోకి ఎక్కించుకోమంది. అందరూ ఎక్కించుకున్నారు. మేస్త్రీ కూతురు కూడా ఎక్కించుకుంది, తన గుండ్రటి అక్షరాలతో.

పుస్తకం మాత్రం ఆ పిల్లకే దక్కింది.

మర్నాటి నుంచి పిల్ల చదువుతోంది, క్లాసు వింటోంది. ఓడలో చీకటి, దాహం, గొలుసుల చప్పుడు, ఒక్కొక్కటే ఆ గొంతులోంచి వచ్చి బెంచీల మధ్య తిరుగుతుంటే, టీచర్ కిటికీ దగ్గర నిలబడి తృప్తిగా తల ఊపేది. మధ్యాహ్నం బెల్లు కొట్టాక స్టాఫ్ రూము నుంచి చూస్తే కుళాయి దగ్గర ఆ పిల్ల చుట్టూ ఒకటే గుంపు. నవ్వులు, కేకలు, వరస. నోట్లో నాలుక లేనట్టు ఉండే పిల్లకు ఇందరు స్నేహితులా! "నా క్లాసు మహిమ" అని ఆవిడ పక్క టీచర్లతో అంది.

కుళాయి దగ్గర జరిగేది ఇదీ. ఒక్కొక్కరే వచ్చి చెయ్యి చాపేవాళ్లు. "రా మేస్త్రీ, పోటీ!" పిల్ల చెయ్యి పట్టుకుని తమ చెయ్యి పక్కన ఆనించేవాళ్లు. "గెలిచింది, మళ్లీ గెలిచింది!" అని చప్పట్లు. ఇంట్లో ఓడినవాళ్లు కడగాలి. ఇక్కడ లెక్కల మాస్టారి అబ్బాయి రూలు మార్చాడు, గెలిచినవాళ్లు కడగాలన్నాడు. గెలిచిన పిల్ల ముందు లంచ్ బాక్సులు పేర్చేవాళ్లు. మొదటిరోజు ఆట అనుకుని తనూ నవ్వి కడిగింది. రెండోరోజు నవ్వకుండా కడిగింది. తర్వాత ఎవరూ పోటీ దాకా కూడా పోలేదు, బాక్సులు పెట్టేసి వెళ్లిపోయేవాళ్లు. తన అన్నం తినడానికి ఆ పిల్లకు టైము చాలేది కాదు.

ఇంతలో ఉక్కు టీచర్ ఊరుకుందా? వ్యాధి ఇంట్లో ఉంటే మందు కూడా ఇంట్లోనే వెయ్యాలనుకుంది. మేస్త్రీ వరండాలో కిటికీ చువ్వలు గీకుతుంటే పిలిపించింది. ఆయన గీకే రేకు కింద పెట్టి, పాదాలకు రంగుందని స్టాఫ్ రూము గుమ్మం బయటే నిలబడ్డాడు. చొక్కా చేతులు మోచేతుల పైదాకా మడిచి ఉన్నాయి. ఆవిడ ఈడు మనిషే. అయినా ఆవిడ నువ్వు అనే పిలిచేది, అది ఆవిడకెప్పుడూ తప్పుగా తోచలేదు.

"మేస్త్రీ, ఇంట్లో పిల్లతో చెయ్యి పక్కన చెయ్యి పెట్టి ఏంటో ఆడతావంట?"

ఆయన మొహం విప్పారింది. "చెప్పిందా అమ్మా? దానికి గెలవడమంటే పిచ్చి."

"నవ్వే సంగతి కాదు. ఎదిగే పిల్ల. నువ్వు నల్లదానివే, నల్లదానివే అని రోజూ నూరిపోస్తే దాని మనసేమవుతుందో తెలుసా? క్లాసులో చెప్పుకుని బాధపడింది."

"బాధపడిందా?"

ఆవిడ ఒక్క క్షణం తడుముకుంది. "పడింది" అంది.

ఇంత మాటకి ఆయన ఎదురు చెప్పి ఉంటే కథ ఇంకోలా ఉండేదేమో. కానీ కూతురి సీటు ఆ బళ్లో, తన కూడు ఆ గోడల మీద. పైగా చదువుకున్న మనిషి చెబుతోంది, తనకా అక్షరం ముక్క రాదు. తలొంచుకుని మెల్లగా చొక్కా చేతుల మడతలు విప్పి, మణికట్ల దాకా లాక్కున్నాడు.

"తెలీక చేశానమ్మా. ముద్దు చేస్తున్నాననుకున్నా. వాళ్లమ్మ పోయాక అన్నం ముట్టకపోతే, దాన్ని నవ్వించడానికి మొదలెట్టా. ఇక ఆడను. తప్పయిపోయింది."

"సరేలే, తెలుసుకున్నావు కదా" అని ఉక్కు టీచర్ క్షమించింది. అలా క్షమించగలిగినందుకు తన మీద తనకు గౌరవం కూడా కలిగింది.

ఎండ మండుతున్నా మేస్త్రీ కూతురు స్వెట్టరు వేసుకుని రావడం మొదలుపెట్టింది. జ్వరమా అని అడిగితే కాదంది. ఆ వేడిలో చెమటలు కారుస్తూనే చదివేది. అలా చదువుతూ నవలలో అంగడి అధ్యాయం దాకా వచ్చింది. కొనడానికొచ్చిన దొర, వరసలో నిలబడ్డ ఒక పిల్ల చెయ్యి పట్టుకుని పైకెత్తి తిప్పి చూస్తాడు. సరిగ్గా అక్కడ వెనక బెంచీల్లోంచి ఎవరో, "గెలిచింది!" అన్నారు.

క్లాసంతా పగలబడి నవ్వింది. పిల్ల పుస్తకం మూసి, నడుచుకుంటూ వచ్చి, టీచర్ బల్ల మీద పెట్టేసింది.

"ఏంటిది? చదువు."

"నేను చదవను టీచర్. ఇంకెవరికైనా ఇవ్వండి."

"ఎవరు? ఏం గెలిచింది? ఎందుకా నవ్వు?" అని ఆవిడ అరిచింది. చివరికి లెక్కల మాస్టారి అబ్బాయే లేచాడు. వాడి మొహంలో భయం లేదు, అసలు ఏం తప్పు జరిగిందో వాడికి అర్థం కాలేదు.

"చేతుల ఆట టీచర్. మీరు క్లాసులో చెప్పించారు కదా, అదే. రోజూ కుళాయి దగ్గర ఆడతాం. గెలిచినవాళ్లు బాక్సులు కడగాలి."

కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారు. ఉక్కు టీచర్‌కు ఆ సామెత వచ్చు, ఏటా పరీక్షలో అర్థం రాయమని ఇచ్చేది కూడా. అయినా ఆవిడ అప్పుడు చేసింది ఇంకో పొరపాటు. క్లాసు మొత్తాన్ని వరసగా నిలబెట్టి, ఒక్కొక్కళ్లనీ వచ్చి ఆ పిల్లకు సారీ చెప్పమంది. ఒక్కొక్కళ్లే వచ్చారు. చెయ్యి చాపారు. "సారీ మేస్త్రీ", "సారీ మేస్త్రీ" అంటూ స్వెట్టరు చేతిని పట్టుకుని ఊపి వెళ్లారు. కుళాయి దగ్గరి వరసే, ఈసారి టీచర్ పర్యవేక్షణలో. పిల్ల బోర్డుకు ఆనుకుని నిలబడి అందరి చేతులూ పట్టింది. ఏడవలేదు. ఏడవని పిల్లలంటే ఆవిడకు ఇష్టం కదా. ఆ పొడి కళ్లు చూశాక మాత్రం ఆవిడ ఆ గదిలో నిలబడలేకపోయింది.

బయటికి వస్తే వరండాలో మేస్త్రీ, చొక్కా చేతులు మణికట్ల దాకా బొత్తాలు పెట్టుకుని, చువ్వలకు రంగు వేస్తున్నాడు. చేతుల అంచులు రంగులో మునిగి అట్టలు కట్టాయి.

"మీరు చెప్పినట్టే మానేశానమ్మా" అన్నాడు, మార్కులు చూపించే పిల్లాడిలా. "చెయ్యి చాపడమే లేదు. గ్లాసులు కూడా నేనే కడిగేస్తున్నా. పిల్ల ఇప్పుడు నా పక్కన కూర్చోవడం మానేసింది, అంతే. పేపరు కూడా చదవట్లేదు. కోపం తగ్గాక తనే వస్తుంది కదమ్మా?"

నిజం చెప్పడానికి ధైర్యం కావాలని క్లాసులో చెప్పడం తేలిక. తల ఊపి స్టాఫ్ రూములోకి పోయింది. మనసు నిండా సిగ్గు. ఆ సిగ్గు కింద దానికంటే నీచమైనది ఇంకొకటి ఉంది, అది అసూయ. తన చెయ్యి పక్కన ఏ అమ్మా, ఏ నాన్నా చెయ్యి పెట్టి నువ్వే గెలిచావనలేదు. ఎవరో ఒక పిల్లకు అది దక్కిందని వినగానే దాన్ని గాయం అనేసింది. ఆ రోజు ఆ చిన్న వెలుగు తను చూడలేదా? చూసింది. చూసే అంది.

సాయంత్రం బెల్లు కొట్టాక పిల్లను క్లాసులోనే ఆగమంది. అందరూ వెళ్లిపోయారు. బల్ల మీద పుస్తకం, దాని పక్కన ఆవిడ తాగి పెట్టిన టీ గ్లాసు. సారీ అనే మాట గొంతు దాకా వచ్చింది. అది ఇవాళ క్లాసంతా అరగదీసిన మాట. దాన్ని మింగేసి, ఆవిడ తన చీర కొంగు వెనక్కి తోసుకుని, చెయ్యి బల్ల మీద చాపింది.

"రా. నీ చెయ్యి పక్కన పెట్టు. మనిద్దరం ఆడదాం. ఎవరు గెలిచారో నువ్వే చెప్పు."

టీచర్ చెప్పింది కాబట్టి, పిల్ల స్వెట్టరు చెయ్యి మోచేతి దాకా లాక్కుని, ఆవిడ చెయ్యి పక్కన పెట్టింది. తాకకుండా, సన్నటి ఖాళీ వదిలి పెట్టింది. కిటికీలోంచి వచ్చే వెలుతురు ఇద్దరి చేతుల మీదా సమానంగానే పడుతోంది. ఎవరిది నలుపో పసిపిల్ల కూడా చెప్పగలదు.

గెలిచానని అను తల్లీ, ఒక్కసారి అను, అని ఆవిడ ప్రాణమంతా కళ్లలో పెట్టుకుని ఆ పిల్ల మొహంలోకి చూసింది.

పిల్ల రెండు చేతుల్నీ చూసింది. "మీరే గెలిచారు టీచర్" అంది.

"సరిగ్గా చూడు అమ్మా."

"చూశాను టీచర్. మీదే."

స్వెట్టరు చెయ్యి కిందికి లాక్కుంది. బల్ల మీది టీ గ్లాసు తీసుకుని, ఎవరూ చెప్పకుండానే, కడగడానికి కుళాయి దగ్గరికి వెళ్లింది.